అన్నగారి స్వింగు, తమ్ముడి ఒళ్ళు

1979 ఫిబ్రవరి నాలుగో తేదీ, ఆదివారం, రథసప్తమి మర్నాడు, పొద్దున్న ఏడు గంటల పది నిమిషాలకు, విశాఖపట్నంలో సముద్రం కనిపించే గోల్ఫ్ మైదానంలో, ఏ పనైనా అన్నగారు చేసినట్టే చెయ్యాలని పట్టుబట్టే మా చిన్నాన్న సన్యాసిరావు బంతి ముందు నిలబడి కర్ర పైకెత్తాడు. కర్ర కిందికి దిగింది. బంతి మాత్రం ఉన్నచోటే ఉంది. దాని పక్కన గడ్డి పెళ్ళ ఒకటి ఎగిరి ఆయన బూటు మీదే పడింది.

ఆ తరవాత ఏం జరిగిందో చెప్పే ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మా తాతగారు ఆ మైదానంలో గడ్డి కోసి, చెట్లకు నీళ్ళు పెట్టే పని చేసేవారు. అందుకని ఆయన కొడుకులిద్దరికీ ఆ ఆట చిన్నతనంలోనే అబ్బింది. పెద్దయ్యాక ఇద్దరూ పోర్టు ఆఫీసులో ఉద్యోగాల్లో కుదిరారు. తండ్రి గడ్డి కోసిన మైదానంలోనే సభ్యులయ్యారు. పెద్దవాడు కూర్మారావు, అంటే మా నాన్న. చిన్నవాడు సన్యాసిరావు.

నాన్న సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గుమ్మం దాటేటప్పుడు తల వంచుకునేవాడు. చిన్నాన్న పొట్టి. ఛాతీ పీపాలా ఉండేది. మెడ ఉందో లేదో తెలిసేది కాదు. పొట్ట ఆయన కంటే ముందు గదిలోకి వచ్చేది. "పేరు చూస్తే సన్యాసి, ఒళ్ళు చూస్తే పెళ్ళివారి వంటవాడు" అని మా పిన్ని పైడమ్మే నవ్వుతూ ఉండేది. చిన్నాన్న కూడా నవ్వేవాడు. ఆయనకి కోపం తక్కువ.

ఆ ఆటలో కర్రను వెనక్కి ఎత్తి, తిప్పి, బంతిని కొట్టే ఊపును స్వింగు అంటారు. మా నాన్న స్వింగు చూడడానికే కొందరు మైదానానికి వచ్చేవాళ్ళు. రెండు చేతులూ తల మీదికి వెళ్ళేవి. కర్ర ఆకాశంలో ఒక్క క్షణం ఆగేది. తరవాత ఒళ్ళంతా కొబ్బరిచెట్టు గాలికి వంగి లేచినట్టు కదిలేది. ఆ క్షణాన్ని ఎవరో ఫొటో తీశారు. చిన్నాన్న దాన్ని పెద్దది చేయించి, అద్దం కట్టించి, తీసుకొచ్చి దేవుడి గదిలో సింహాద్రి అప్పన్న పటం కింద తగిలించాడు.

నానమ్మ చూసి గాభరా పడింది. బతికున్న మనిషి పటం దేవుడి గదిలో ఏటిరా, అశుభం కాదా అని అడిగింది.

"దండ వెయ్యనులే అమ్మా. దణ్ణం ఒక్కటే పెడతాను" అన్నాడు చిన్నాన్న.

నిజంగానే రోజూ పెట్టేవాడు. అప్పన్నకి ఒకటి, అన్నయ్యకి ఒకటి.

చిన్నప్పటినుంచీ ఆయనకి అన్నీ అన్నగారివే వచ్చాయి. మా ఇంట్లో అది అలవాటు. నాన్నకి పొట్టైపోయిన చొక్కాను నానమ్మ తన కుట్టుమిషను మీద విప్పేది. కింది నుంచి రెండు బెత్తెలు కత్తిరించేది. కత్తిరించిన ఆ గుడ్డనే పక్కల్లో వేసి, పొట్ట దగ్గర వదులు చేసేది. చేతులు కురచ చేసేది. తరవాత చిన్నాన్న దాన్ని కొత్త చొక్కాలా తొడుక్కుని వీధిలోకి వెళ్ళేవాడు. పుస్తకాలు అలాగే వచ్చాయి. సైకిలు అలాగే వచ్చింది, సీటు బాగా దించాక. అలాగే స్వింగు కూడా వచ్చింది. కానీ దానికి మాత్రం కత్తెర పెట్టినవాళ్ళు లేరు.

ఏటా మాఘమాసంలో కాకినాడ నుంచి ఒక జట్టు వచ్చి మన మైదానంలో ఆడేది. మన తరఫున నలుగురు ఆడేవాళ్ళు. ఆ నలుగురిలో ఒక చోటు ఎన్నో ఏళ్ళు మా నాన్నది. ఒక వానాకాలం నాన్న హార్బరు మెట్ల మీద జారి మోకాలు పాడు చేసుకున్నాడు. ఇక కర్ర పట్టలేనని తెలిసిన రోజు ఆ చోటు తమ్ముడికి ఇమ్మని కెప్టెన్ ముఖలింగంగారిని అడిగాడు. తమ్ముడితో ఒక్క మాటే అన్నాడు, పేరు నిలబెట్టరా అని.

చిన్నాన్న ఆ మాటని మంత్రంలా పట్టుకున్నాడు. అన్నయ్య నిలబడినట్టే నిలబడేవాడు. అన్నయ్య ఎత్తినట్టే చేతులు ఎత్తేవాడు. సాయంత్రాలు పెరట్లో నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని, చేతులు ఇంకా పైకి, ఇంకా పైకి అని చెబుతుండేవాడు. చిన్నాన్నకి ఛాతీ అడ్డం వచ్చేది. ఛాతీ దాటించడానికి నడుం వెనక్కి విరిచేవాడు. నడుం విరిస్తే పొట్ట అడ్డం వచ్చేది. పొట్టను తప్పించబోతే కర్ర బంతి మీదికి కాకుండా నేల మీదికి వెళ్ళేది. రాత్రి భోజనాలయ్యాక పిన్ని ఉప్పు వేయించి, మూటకట్టి, ఆయన నడుముకి కాపడం పెట్టేది. స్వింగు మీది గౌరవంతో ఆయన మూలగడం కూడా తలుపు వేసుకునే మూలిగేవాడు.

అలా ప్రతి మాఘమాసంలోనూ ఓడిపోతూనే వచ్చాడు. ఆ ఏడు ముఖలింగంగారు మా ఇంటికి వచ్చారు. మర్యాదస్తుడు. కాఫీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెప్పారు. ఈసారి కూడా ఓడిపోతే ఆ చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదని, తనని తప్పుగా అనుకోవద్దని.

 ఆయన వెళ్ళాక చిన్నాన్న, ఆ చోటు పోతే తాను మళ్ళీ కర్ర ముట్టుకోనని అన్నాడు. ఇంట్లో ఎవరికీ ఆ మాట రుచించలేదు. ఆయనకి ఆ ఆట తప్ప వేరే సరదా లేదు. తాగుడు లేదు, పేకాట లేదు. పొద్దున్నే ఆ గడ్డి మీద నడిస్తే తండ్రి పక్కన నడిచినట్టుంటుందని అనేవాడు.

రథసప్తమి ఇంకో వారం ఉందనగా పెరడు బాగుచేసే పని పడింది. సూర్యుడికి ఎదురుగా పిడకల మీద పరమాన్నం వండాలి కదా, అక్కడంతా గడ్డి మోకాలెత్తు పెరిగింది. చిన్నాన్న ఆఫీసుకి సెలవు పెట్టి, అటక మీంచి తాతగారి గడ్డికత్తి దించాడు. అది పొడుగాటి ఇనప పట్టీ, చివర కొంచెం వంపు. మనిషి వంగక్కర్లేదు. నిలబడే పక్కనుంచి పక్కకి ఊపుతూ కొయ్యొచ్చు. ఆయన కాళ్ళు ఎడంగా పెట్టాడు. పాదాలు బయటికి తిప్పాడు. కత్తిని పొట్ట చుట్టూ తిప్పి కొట్టాడు. మనిషంతా తిరగలి తిరిగినట్టు తిరిగాడు. వెనక్కి తిరిగినప్పుడు ఎడమ మడమ లేచేది, ముందుకి తిరిగినప్పుడు దిగేది. చేతులు భుజం దాటి పైకి వెళ్ళలేదు. సర్ సర్ మని గడ్డి పడిపోతోంది.

నానమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడు పాదుకి తాడు కడుతోంది. చెయ్యి ఆపి చూసింది.

"సన్నాసీ, నడుం నొప్పెడతందా?" అని అడిగింది.

చిన్నాన్న ఆగాడు. నడుం తడుముకున్నాడు. సగం పెరడు కోసేశాడు, నొప్పి సంగతే గుర్తు రాలేదు. లేదమ్మా అన్నాడు.

"మీ నాన్న కూడా ఇలాగే తిరిగేవాడు. పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నం దాకా. ఒక్కరోజు నడుం అనలేదు. ఒరే, నీది అన్న ఒళ్ళు కాదు. మీ నాన్న ఒళ్ళు."

అని మళ్ళీ పాదుకి తాడు కట్టుకోసాగింది. ఆమె ఎప్పుడూ అంతే. చెప్పవలసింది చెప్పి పనిలో పడిపోయేది.

చిన్నాన్న అటూ ఇటూ చూశాడు. నాన్న ఆఫీసుకి వెళ్ళాడు. లోపలికి వెళ్ళి గోల్ఫ్ కర్ర తెచ్చాడు. బంతిని కొంచెం దూరంగా పెట్టుకుని, గడ్డి కోసినట్టే, పొట్ట చుట్టూ తిప్పి కొట్టాడు. బంతి నేలకి దగ్గరగా రివ్వున పోయి, పెరటి గోడకి తగిలి, తిరిగొచ్చి పిన్ని ఆరబెట్టిన వడియాల మధ్య పడింది. పిన్ని తిట్టడానికి బయటికి వచ్చి ఆయన ముఖం చూసి ఊరుకుంది. పెళ్ళినాటి ముఖంలా ఉందట. ఆ మాట ఆమె తరవాత మాతో అంది.

కానీ ఆ సాయంత్రమే చిన్నాన్న ముఖం వాడిపోయింది. నాన్న ఆఫీసు నుంచి వచ్చి, కుర్చీ వేసుకుని, ఏదీ చేతులెత్తు అన్నాడు. చిన్నాన్న ఎత్తాడు. రాత్రి పిన్ని మళ్ళీ ఉప్పు వేయించింది. పొద్దున కొట్టినట్టు కొట్టచ్చు కదా అని ఆమె అడిగితే, అన్నయ్య కళ్ళముందు ఉండగా ఆయన పద్ధతి మార్చడమంటే ఆయన్ని కాదన్నట్టే అన్నాడు.  పిన్ని అప్పన్నకి కొబ్బరికాయ మొక్కుకుంది.

రథసప్తమి నాడు నానమ్మ ఇద్దరు కొడుకుల తలల మీదా, భుజాల మీదా జిల్లేడాకులు పెట్టి స్నానం చేయించింది. నాన్న తల అందడానికి పీట ఎక్కింది. చిన్నాన్న తలకి అక్కర్లేకపోయింది. ఆ పండక్కి నేను అత్తవారింటి నుంచి వచ్చాను కాబట్టి మర్నాటి ఆట నా కళ్ళతో చూశాను.

ఆ పొద్దున చిన్నాన్న నానమ్మ కుట్టిచ్చిన చొక్కా వేసుకున్నాడు. ఒకప్పుడు అది నాన్నది, గోధుమరంగు చొక్కా. కాకినాడ నుంచి ఆయనకి ఎదురుగా వచ్చినాయన వీర్రాజుగారు. మాట చల్లన, దెబ్బ వేడి. మొత్తం తొమ్మిది గుంటలు. ఒక్కో గుంటలోకి ఎవరు తక్కువ దెబ్బలతో బంతిని చేరిస్తే ఆ గుంట వాళ్ళది.

మొదటి దెబ్బ సంగతి చెప్పాను కదా. బంతి కదల్లేదు. వీర్రాజుగారు దాన్ని వంగి చూశారు.

"ఆయ్, బంతి కిందుందండి. మీరు పైన వెతుకుతున్నారు."

అందరూ నవ్వారు. చిన్నాన్న కూడా నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. మొదటి మూడు గుంటలూ వీర్రాజుగారివే అయ్యాయి. నాలుగో దాంట్లో ఆయన బంతి జీడిమామిడి తుప్పల్లో చిక్కుకోబట్టి ఇద్దరూ సమానంగా వెళ్ళారు. ముఖలింగంగారు దూరంగా నిలబడి గడియారం చూసుకుంటున్నారు. ఐదో గుంట మొదట్లో చిన్నాన్న కర్ర ఎత్తబోయి, మధ్యలో ఆగిపోయి, చెయ్యి నడుం మీద వేసుకున్నాడు. నడుం పట్టేసింది. పక్కన మా పిన్ని కళ్ళు మూసుకుని అప్పన్నని పిలుస్తోంది.

నాన్న చేతికర్ర ఊతంగా మొదటినుంచీ వెంబడి నడుస్తూనే ఉన్నాడు. చిన్నాన్న కర్ర కింద పెట్టి, వీర్రాజుగారిని ఒక్క నిమిషం ఆగమని అడిగి, నేరుగా నాన్న దగ్గరికి వచ్చాడు. వంగలేకపోయినా వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"అన్నయ్యా, నువ్వు నేర్పినట్టు కొట్టడం నావల్ల కావటం లేదు. నాన్న గడ్డి కోసినట్టు కొడితే బంతి వెళ్తోంది. అలా కొడితే నిన్ను కాదన్నట్టు అవుతుందేమోనని భయంగా ఉంది."

 నాన్న తమ్ముణ్ణి పైనించి కిందికి చూశాడు. ఆ చూపు చొక్కా మీద ఆగింది. పక్కల్లో వేసిన అతుకు కుట్టు మీద ఆగింది.

"ఈ చొక్కా ఎవరిదిరా?" అన్నాడు.

"నీదే అన్నయ్యా."

"అమ్మ కుట్టిచ్చాక ఎప్పుడైనా నీకది నా చొక్కాలా అనిపించిందా?"

చిన్నాన్న ఆలోచించాడు. "లేదు. నాదే అనిపించేది."

"మరి స్వింగుకి కత్తెర పెట్టుకుంటే తప్పేటి? పొడుగు నేను చూపించాను. వెడల్పు నువ్వు చూసుకో. వెళ్ళి కొట్టు."

అలా అని నాన్న ముఖం సముద్రం వైపు తిప్పుకున్నాడు. కన్ను తుడుచుకున్నాడో, గాలికి దుమ్ము పడిందో నాకు తెలియదు.

చిన్నాన్న వెనక్కి వెళ్ళాడు. కాళ్ళు ఎడంగా పెట్టాడు. పాదాలు బయటికి తిప్పాడు. బంతికి ఒక అడుగు వెనక్కి జరిగాడు, పొట్టకి చోటు ఇచ్చి. కర్రను తల మీదికి ఎత్తలేదు. భుజం దాకా తీసుకెళ్ళి, మడమ లేపి, తిరగలిలా గిర్రున తిరిగాడు.

టప్ మని చప్పుడు వినిపించింది. ఆ మైదానంలో అంత గట్టి చప్పుడు నేను ముందెప్పుడూ వినలేదు. బంతి నేలకి దగ్గరగా, బాణంలా వెళ్ళింది. ఎక్కడ పడిందో చూడడానికి వీర్రాజుగారు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది.

ఐదో గుంట చిన్నాన్నది. ఆరోది కూడా చిన్నాన్నదే. ఏడోది సమానం. ఎనిమిదో దానికి వచ్చేసరికి వేరే చోట ఆట ముగించుకున్నవాళ్ళు కూడా మా వెనక చేరారు. ముఖలింగంగారు గడియారం చూసుకోవడం మానేశారు. ఎనిమిదో గుంట కూడా చిన్నాన్న గెలిచాడు. లెక్క సరిసమానమైంది. ఒక్క గుంట మిగిలింది.

"ఆయ్, రావుగారూ, పొద్దున్న ఆడినాయన ఎక్కడికెళ్ళారండి? ఈయన్ని మాకు పరిచయం చెయ్యలేదు" అన్నారు వీర్రాజుగారు చెమట తుడుచుకుంటూ.

"పొద్దున్న వచ్చింది మా అన్నయ్యండి. నేను ఇప్పుడే వచ్చాను" అన్నాడు చిన్నాన్న.

తొమ్మిదో గుంట సముద్రానికి ఎదురుగా ఉంటుంది. అప్పటికి గాలి లేచింది. వీర్రాజుగారు పొడగరి. అందంగా కొట్టారు. బంతి ఆకాశానికి ఎగిరింది. పైన గాలి దాన్ని పట్టుకుని, కుడి పక్కకి తోసి, దూరంగా ఇసక గోతిలో పడేసింది. చిన్నాన్న బంతి అంత ఎత్తు వెళితేనా. గాలి కింద నుంచి దూరిపోయి గుంట ఉన్న వైపే దొర్లుకుంటూ పోయింది. మన మైదానంలో అప్పట్లో గుంట చుట్టూ గడ్డి ఉండేది కాదు. నూనె కలిపిన ఇసక చదునుగా పరిచేవారు. ఆ ఇసక మీద చిన్నాన్న బంతిని మెల్లగా తోశాడు. అది గీత గీసినట్టు వెళ్ళి, అంచు మీద కొంచెం తటపటాయించి, వీర్రాజుగారి కంటే ఒక దెబ్బ తక్కువలోనే లోపల పడింది.

మా పిన్ని అందరి ముందూ ఈల వేసింది. ఆమెకి ఈల వెయ్యడం వచ్చని అంతవరకూ ఎవరికీ తెలియదు. వీర్రాజుగారు చిన్నాన్నని కౌగిలించుకోబోయి, చేతులు చుట్టూ అందక, నవ్వేశారు. ముఖలింగంగారు దగ్గరికి వచ్చి, ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆ చోటు మీదేనండి అని చెప్పారు. చిన్నాన్న ఇవేవీ సరిగ్గా వినలేదు. వెళ్ళి నాన్న చెయ్యి పట్టుకున్నాడు. కుంటుతున్న అన్నగారూ, నడుం పట్టేసిన తమ్ముడూ ఒకరి భుజం మీద ఒకరు వాలి ఆ గడ్డి మీద నడిచి వచ్చారు. పిన్ని మొక్కుకున్న కొబ్బరికాయ ఆ సాయంత్రమే కొట్టింది. ఆ రాత్రి ఉప్పు వేయించింది కానీ మూలుగు మాత్రం ఎవరికీ వినిపించలేదు.

మర్నాడు, సోమవారం పొద్దున్న, ఇంట్లో అందరూ స్నానాలు చేశాక నాన్న దేవుడి గదిలోకి వెళ్ళి తన ఫొటో తనే దించాడు. నానమ్మ హమ్మయ్య అనుకుంది. ఫొటో వీధి వసారాలోకి మారింది. నానమ్మ తాతగారి గడ్డికత్తిని కడిగి, తుడిచి, పసుపు రాసింది. నాన్న బొట్టు పెట్టాడు. పిన్ని ఒక మందారం పెట్టింది. దాన్ని అప్పన్న పటం ముందు ఉంచి అందరం దణ్ణం పెట్టుకున్నాం.

తరవాత ఫలహారాలకి ముందు నాన్నకి ఒక సరదా పుట్టింది. ఆ కత్తి పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, తమ్ముడిలా కాళ్ళు ఎడంగా పెట్టి, మిగిలిన గడ్డి కొయ్యబోయాడు. ఆయన పొడుగు చేతులకి కత్తి నేలని తవ్వింది. మట్టి పెళ్ళ ఎగిరి ఆయన బొజ్జలేని పొట్టకే తగిలింది.

"ఇది నీకు నప్పదు అన్నయ్యా" అన్నాడు చిన్నాన్న.

నాన్న నవ్వాడు. పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. నానమ్మ నవ్వు ఆపుకుంటూ కత్తి అందుకుని చిన్నకొడుకు చేతికి ఇచ్చింది. ఆ పొద్దున మా ఇంట్లో ఇడ్లీలు చల్లారిపోయాయి, పెరడు మాత్రం నున్నగా తయారయింది.

పిల్లలూ, పెద్దలు నేర్పిన విద్యను కళ్ళకద్దుకుని తీసుకోవాలి. దాన్ని మన ఒంటికి సరిపడేలా కుట్టుకున్నప్పుడే అది మనదవుతుంది, నేర్పిన వాళ్ళకీ పేరు తెస్తుంది.